చెట్టు పనికి న్యాయమైన వెల: మా ప్రణాళిక

మేము చెట్లెక్కి బతికేవాళ్లం. హైదరాబాద్, వరంగల్, విజయవాడ, విశాఖ లాంటి ఊళ్లలో ముగ్గురు నలుగురు మనుషులు, రెండు కటింగ్ మిషన్లు, నాలుగు మోకులు, ఒక ట్రాలీ ఆటో పెట్టుకుని పనిచేసే చిన్న చిన్న బృందాలం. ఇళ్ల ముందరి వేపలు, బడి ఆవరణలోని రావిచెట్లు, అపార్టుమెంట్ల మధ్య ఇరుక్కున్న తురాయి చెట్లు మా చేతుల మీదుగానే పెరుగుతాయి, మా చేతుల మీదుగానే పోతాయి. మాలో కొందరు గీత వృత్తి కుటుంబాల నుంచి వచ్చారు. కొందరు అడ్డా మీద నిలబడి ఈ పని నేర్చారు. ఉద్యానశాస్త్రం చదువుకుని నర్సరీలు వదిలి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఇన్ని దారుల నుంచి వచ్చినవాళ్లను ఒకచోట కూర్చోబెట్టింది ఒకే ప్రశ్న: మన పనికి వెల దేన్నిబట్టి కట్టాలి?

పాత జవాబు మనందరికీ తెలుసు. గేటు ముందు నిలబడి చెట్టును కిందినుంచి పైకి ఒకసారి చూడటం, నోటికొచ్చిన అంకె చెప్పడం, అందులో సగం దగ్గర బేరం తెగడం, చివరికి 'కట్టెలు నువ్వే తీసుకుపో' అన్న మాటతో ఆ సగంలోనూ సగం ఎగిరిపోవడం. ఆ పద్ధతికి కాలం తీరింది. దానితో ఇంకా తగువు పెట్టుకోవడానికి ఓపిక లేదు, అవసరమూ లేదు. దాని స్థానంలో రావలసినదాన్ని చెప్పడానికే ఈ ప్రణాళిక. మా ఉద్యమానికి ఇంకా పేరు పెట్టలేదు. పేరుకన్నా ముందు లెక్క తేలాలనుకున్నాం.

మీరు ఇదే పనిలో ఉన్నవారైతే ఇందులో ప్రతి వరుసా మీ ఇంటికి సంబంధించింది. మీరు చెట్టున్న ఇంటివారైతే మీ చెట్టు ఆయుష్షుకు సంబంధించింది. ఇద్దరినీ మాతో నడవమనే పిలుస్తున్నాం.

1. చెట్టు చస్తేనే లాభం వచ్చే ధరకు చెట్టు సంరక్షణలో చోటు లేదు.

పెద్ద చింతనో నిద్రగన్నేరునో తీసుకోండి. ఎండుకొమ్మలు నాలుగు దింపి, ప్రహరీ మీదికి వాలిన కొమ్మ బరువు కాస్త తగ్గిస్తే అది ఇంకా దశాబ్దాలు నిలబడుతుంది. ఆ పనిలో చేతికొచ్చే కట్టె బహు కొద్ది. అదే చెట్టును మొదలంటా కొడితే ట్రాలీ నిండుతుంది, అడితిలో డబ్బు చేతిలో పడుతుంది. కూలి కట్టె రూపంలో ముడుతున్నంతకాలం చెట్టెక్కినవాడి చూపు జబ్బుపడ్డ కొమ్మను దాటి లావుపాటి దూలం మీదికి పోతూనే ఉంటుంది. తప్పు ఆ మనిషి గుణానిది కాదు, ఆ ధర గుణానిది. మంచివాణ్ని తెచ్చి అదే ధరలో కూర్చోబెట్టినా ఏడాది తిరిగేసరికి అతనూ గొడ్డలివైపే మొగ్గుతాడు.

కాబట్టి మా మొదటి నియమం: కట్టె కూలి కాదు. దిగిన కట్టె ఇంటివారిది. వారికి అక్కర్లేకపోతే మేము తీసుకెళ్తాం, దాని విలువను బిల్లులో వేరే వరుసగా రాసి తగ్గిస్తాం. పని ధర మాత్రం కట్టె ఉన్నా లేకపోయినా ఒకటే. ఈ ఒక్క మార్పు జరిగితే చాలు, సలహా చెప్పే మనిషికీ చెట్టుకూ మధ్య ఉన్న శత్రుత్వం పోతుంది.

చెట్టును పూర్తిగా తీయక తప్పని సందర్భాలు ఉంటాయి. మొదలు డొల్లబారి, ఇంటి కప్పు మీదికి ఒరుగుతున్న చెట్టును ప్రేమతో నిలపలేం. అప్పుడు కూడా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతి కోసం తిరిగే గంటలు పని గంటలే, వాటినీ బిల్లులో చూపుతాం. రాత్రికి రాత్రి ఎవరూ చూడకుండా కొట్టేసే పనికి మా దగ్గర రేటు లేదు. పదింతలిస్తామన్నా లేదు.

2. మనం అమ్మేది కాలం. దాని వెల మన ఖర్చుల్లోంచి పుట్టాలి.

మీ రేటుకు ఆధారమేమిటని అడిగి చూడండి. 'అందరూ అంతే తీసుకుంటున్నారు' అంటారు. ఆ అందరూ ఎలా తేల్చారో ఎవరికీ తెలియదు. ఇంకొందరు ఇంటి గేటునూ లోపలున్న కారునూ చూసి చెబుతారు. మేము ఆ రెండింటినీ పక్కనపెట్టి వెనకనుంచి లెక్క మొదలుపెడతాం. ఏడాది పొడవునా ఈ పని సజావుగా సాగడానికి ఎంత ఖర్చవుతుంది? ఆ ఏడాదిలో నిజంగా డబ్బు తెచ్చే గంటలెన్ని? ఈ రెండూ తేలితే గంట వెల బయటపడుతుంది.

నమూనా లెక్క ఒకటి చూపుతున్నాం. అంకెలు ఊహించి వేసినవి, మీ ఊరికీ మీ బృందానికీ తగ్గట్టు మార్చుకోండి. చెట్టెక్కేవారు ఒకరు, రోజు కూలి 1,200 రూపాయలు. కింద తాళ్లు పట్టి మండలు లాగేవారు ఇద్దరు, ఒక్కొక్కరికి 800. రోజుకు మొత్తం 2,800. ఏడాదిలో పని నడిచే రోజులు 220 అనుకుంటే 6,16,000 రూపాయలు. బృందాన్ని నడిపే మనిషికి నెలకు 30,000 చొప్పున 3,60,000. (ఈ వరుసను చాలామంది రాయనే రాయరు. మిగిలిందే తమ జీతం అనుకుంటారు. మిగలదు.) లక్షన్నర విలువ చేసే మిషన్లు, తాళ్లు, సేఫ్టీ బెల్టులు, హెల్మెట్లు మూడేళ్లలో అరిగిపోతాయి కాబట్టి ఏడాదికి 50,000. పెట్రోలు, ఆయిలు, చైన్లు, ఆకురాళ్లు కలిపి 60,000. బండి కిస్తీలు, డీజిలు, రిపేర్లు 1,80,000. బీమాలు 30,000. సామాను పెట్టుకునే గది అద్దె, ఫోను, కాగితాలు 48,000. అన్నీ కూడితే 13,44,000.

ఇప్పుడు గంటలు. రోజుకు ఎనిమిది గంటలు పనిచేస్తాం, నిజమే. అందులో బండి మీద వెళ్లిరావడానికి, చైనుకు ఆకురాయి పట్టడానికి, కొత్త చెట్లు చూసి అంచనాలు చెప్పడానికి, చెత్త పారబోసి రావడానికి పోయేది పోగా చెట్టు దగ్గర గడిచేది ఐదు గంటలు. 220 రోజులకు 1,100 గంటలు. 13,44,000ను 1,100తో భాగిస్తే గంటకు 1,222 రూపాయలు వస్తుంది. అది అప్పు పడకుండా ఉండే గీత, అంతే. మిషన్ కాలిపోయిన నెల కోసం, వాన వదలని వారం కోసం, రేపు కొనాల్సిన మంచి తాడు కోసం 15 శాతం కలపాలి. అప్పుడు బృందం మొత్తానికి గంట వెల సుమారు 1,400 అవుతుంది.

ఇదే ఖర్చును ఏడాదికి 300 రోజులు, రోజుకు 8 గంటలు అని భాగించినవారికి గంటకు 560 అని కనిపిస్తుంది. ఆ అంకె చెప్పి పని పట్టుకుంటారు, సాయంత్రానికి నోట్లు చేతిలో పడతాయి కాబట్టి లాభమనే అనుకుంటారు. ఆ 560కీ ఈ 1,222కీ మధ్య ఉన్న దూరాన్ని ఇన్నాళ్లూ భరించింది పాతబడిన తాడు, బీమా లేని కూలి, సగం కట్టిన స్కూలు ఫీజు. మా ఉద్యమం ఆ దూరాన్ని బిల్లు మీదికి తెస్తుంది, అందరికీ కనబడేలా.

పన్ను మాట కూడా ఇక్కడే. సేవల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి. పై నమూనా బృందం రాబడి 15 లక్షల 40 వేలు కాబట్టి ఆ గీతకు ఇవతలే ఉంది. దాటినరోజు పన్నును వేరే వరుసలో చూపాలి. నమోదు కాకుండా పన్ను పేరుతో వసూలు చేసేవారు మాతో రావద్దు.

3. అందరికీ ఒకే రేటు మాకు వద్దు. అందరికీ ఒకే రకం లెక్క కావాలి.

మా సమావేశాల్లో మొదట లేచిన మాట 'అందరం కలిసి ఒక రేటు కట్టేద్దాం' అన్నదే. మేము ఒప్పుకోలేదు. పోటీలో ఉన్నవాళ్లు కూడబలుక్కుని ధర నిర్ణయించడాన్ని 2002 నాటి పోటీ చట్టమే నిషేధించింది. చట్టం లేకపోయినా మా మాట అదే. భీమవరంలో గది అద్దె వేరు, గచ్చిబౌలిలో వేరు. బండి కిస్తీలు తీరినవాడి ఖర్చు వేరు, నిన్న కొన్నవాడిది వేరు. ఒకడి 1,400 ఇంకొకడికి 1,100 కావచ్చు, మరొకడికి 1,900 కావచ్చు. మేము పంచుకునేది కాగితం మీద గీసిన గళ్లనే. ఆ గళ్లలో అంకెలు ఎవరివి వారివే.

తక్కువ చెప్పినవాణ్ని తిట్టడం కూడా మా పని కాదు. లెక్క వేసుకుని తక్కువ చెప్పినవాడు మనకన్నా పొదుపరి, అతని దగ్గర నేర్చుకోవాలి. లెక్క వేసుకోకుండా తక్కువ చెప్పినవాడి పక్కన కూర్చుని ఒక సాయంత్రం లెక్క వేసిపెట్టాలి.

4. లోపల గంట, బయట గుత్త.

ఇంటివారికి గంటల రేటు వింటే భయం. ఎన్ని గంటలవుతుందో వారికి తెలియదు, మనవాళ్లు నెమ్మదిగా చేస్తారేమోనన్న అనుమానం ఉంటుంది. ఆ అనుమానం న్యాయమైందే. గంటకు డబ్బిస్తే మందకొడితనానికి బహుమతి ఇచ్చినట్టవుతుంది. అందుకే గంట వెల మన పుస్తకంలో ఉండాలి, ఇంటివారికి మాత్రం పని మొత్తానికి ఒక అంకె, కాగితం మీద రాసి ఇవ్వాలి. మన అంచనా తప్పితే ఆ నష్టం మనది, ఒప్పయితే ఆ లాభమూ మనదే.

ఒక చెట్టును గంటల్లోకి మార్చడం ఈ వృత్తిలో అన్నిటికన్నా కష్టమైన విద్య. ఎత్తు ఒక్కటి చూస్తే ఏమీ తెలియదు. కొమ్మ పడటానికి ఖాళీ చోటుందా, లేక ప్రతి దుంగనూ తాడు కట్టి దింపాలా? కింద రేకుల షెడ్డుందా, బోరు పంపుందా, పూలకుండీలున్నాయా? బండి గేటు దాకా వస్తుందా, లేక సందు చివర ఆపి మండలన్నీ భుజాన మోయాలా? కరెంటు తీగలు తగులుతున్నాయా? తగిలితే విద్యుత్ సంస్థవారితో మాట్లాడి ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని లైను ఆపించకుండా ఎవరూ ఎక్కకూడదు, ఆ ఎదురుచూపు గంటలూ లెక్కలోకి రావాలి. చేవ గట్టిగా ఉండే చింతకు పట్టే సమయం వేరు, మెత్తటి మునగకు వేరు. తురాయి కొమ్మ చూపుకు నిబ్బరంగా ఉండి కాలు పెడితే పుటుక్కుమనేది, దాన్ని నమ్మి గంటలు తగ్గించుకోవద్దు.

ఉదాహరణకు తీగల పక్కన, ప్రహరీని ఆనుకుని ఉన్న నడివయసు వేప. సామాను దింపి తాళ్లు కట్టడానికి అరగంట, పైన పనికి మూడు గంటలు, కింద ముక్కలు చేసి ఊడ్వడానికి గంటన్నర. ఐదు గంటలకు 7,000. చెత్త ఒక ట్రాలీ ఎత్తుకెళ్లడానికి 1,500 అనుకుందాం. మొత్తం 8,500. ఇంటివారు చెత్త తామే ఎత్తించుకుంటామంటే 7,000కే చేస్తాం, ముసుగులో గుద్దులాట లేకుండా. బేరం ఆడాలనుకున్నవారికి మేమిచ్చే దారి ఇదొక్కటే: ధర తగ్గాలంటే పని తగ్గాలి.

ఒక్క కొమ్మకే పిలిచే ఇళ్లుంటాయి. ఆ కొమ్మ పావుగంట పనే. దానికోసం బండి ఊరు దాటి రావాలి, మోకు విప్పాలి, చుట్టాలి. అందుకని కనీస ఛార్జీ రెండు గంటలు. ఆ వీధిలోనే ఇంకో రెండిళ్లు కలిస్తే ముగ్గురూ పంచుకోవచ్చు. కొబ్బరి దగ్గర మాత్రం 'చెట్టుకింత' అన్న పాత పద్ధతిని మేము కదపం. చెట్టు చెట్టుకూ పని ఒకేలా ఉండేచోట అది చక్కగా నడుస్తోంది.

అంచనా కాగితంలో ఏ కొమ్మలు తీస్తామో, ఏవి ముట్టమో, చెత్త ఎవరిదో, అనుమతి ఎవరు తేవాలో, బయానా ఎంతో, గోడో కుండీయో పగిలితే ఎవరు కట్టాలో ఉండాలి. ప్రతి పని తర్వాత అనుకున్న గంటలూ అయిన గంటలూ పక్కపక్కన రాసుకోవాలి. ఏడాది అలా రాసిన నోటుపుస్తకం ఏ మేస్త్రీ అనుభవానికీ తీసిపోదు.

5. 'కొట్టొద్దు' అన్న మాటకు వెల ఉంది.

2021 నుంచి తెలుగు రాష్ట్రాల్లో వేపలు కొసల నుంచి మాడిపోవడం అందరం చూశాం. ఫోమోప్సిస్ అనే బూజు తెగులు, దానికి తోడు టీ దోమ అని పిలిచే రసం పీల్చే పురుగు. చెట్టంతా ఎర్రబారి కనిపించేసరికి జనం చచ్చిపోయిందనుకున్నారు, కొట్టించినవారూ ఉన్నారు. ఆగినవారి వేపలు చాలావరకు మళ్లీ చిగురించాయి. ఆ రోజుల్లో ఇంటింటికీ తిరిగి 'ఇది బతుకుతుంది, ఎండిన కొసలు తీయించి మందు కొట్టించండి, ఆగండి' అని చెప్పిన మనిషికి దక్కిందేమిటి? ఒక గ్లాసు మంచినీళ్లు. 'పోయింది, కొట్టేద్దాం' అన్నవాడికి ట్రాలీ కట్టె.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రిని తలచుకోండి. చెదలు పట్టి 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగిపడింది. 2018లో ఆ మర్రికి సెలైన్ సీసాలు వేలాడదీసి చెదల మందును చుక్కచుక్కగా ఎక్కించారు. వందల ఏళ్ల చెట్టు నిలబడింది. ఆ వైద్యంలో అమ్ముకోవడానికి కట్టె దిగలేదు, కొలవడానికి దుంగ లేదు. పాత ధరల పట్టీలో అలాంటి పనికి గడే లేదు.

కొత్త పట్టీలో మొదటి గడి అదే. చెట్టును చూసి, తట్టి, మొదలు తవ్వి, రాతపూర్వకంగా అభిప్రాయం చెప్పడానికి కనీసం ఒక గంట వెల తీసుకుంటాం. తర్వాత పని మాకే ఇస్తే ఆ ఫీజు తగ్గించాలా అన్నదాని మీద మాలో చాలా వాదన జరిగింది. తగ్గించొద్దని తేల్చాం. తగ్గిస్తామంటే ఏదో ఒక పని ఉందని చెప్పాలన్న ఆశ మళ్లీ మొలకెత్తుతుంది. సలహా ఫీజు సలహాకే. 'మీ చెట్టుకు ఏమీ చేయనక్కర్లేదు, రెండేళ్ల తర్వాత పిలవండి' అని చెప్పి, చేతులు దులుపుకుని, ఫీజు తీసుకుని వచ్చే రోజు కోసమే ఈ ఉద్యమం.

ఆ మాటకు బలం చదువుతో వస్తుంది. అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లను రంపంతో నిలువునా చీల్చి చూసి, చెట్టుకు తగిలిన గాయం మనిషి గాయంలా మానదని, చెడిన భాగం చుట్టూ చెట్టు గోడలు కట్టుకుంటుందని చూపించాడు. అందుకే కొమ్మను కాండానికి అంటించి నున్నగా కోయకూడదు, మొండెంలా పొడవుగానూ వదలకూడదు. కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే మెడను వదిలి, దానికి కాస్త ఇవతల కోయాలి. బరువైన కొమ్మకైతే ముందు కిందివైపు గాటు పెట్టి, తర్వాత పైనుంచి కోసి, చివరికి మెడ దగ్గర తుది కోత కోయాలి. ఒక్క వేటుకు బదులు మూడు కోతలు. ఎక్కువ సమయం పడుతుంది. ఆ సమయానికే మేము వెల అడుగుతున్నాం.

6. ప్రాణం బేరంలోకి రాదు.

హెల్మెట్, కంటి అద్దాలు, సేఫ్టీ బెల్టు, రెండో తాడు, కింద ఒక తోడు. ఇవి అంచనాలో విడి వరుసగా ఉండవు. విడిగా ఉంటే ఎవరో ఒకరు 'అది తీసేసి చెప్పు' అంటారు. గంట వెలలోనే కలిసిపోయి ఉంటాయి. ఒంటరిగా ఎక్కే పని, ఈదురుగాలిలో ఎక్కే పని, తాగి వచ్చినవాడు ఎక్కే పని మా పుస్తకంలో రాయబడవు.

గీత కార్మికులు తరతరాలుగా మోకు, ముత్తాదులతో తాటిచెట్టు మీద ప్రాణాన్ని ఆనించి బతికారు. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో వారికి భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆలస్యమైనా మంచి పని. వేప మీద ఎక్కేవాడి ప్రాణం తాటి మీద ఎక్కేవాడి ప్రాణం కన్నా చవక కాదు. మన కిట్టు మన ధరలోంచి రావాలి, ఎవరో ఇచ్చేదాకా ఆగకూడదు.

బ్యాంకు ఖాతా ఉన్నవారికి ప్రధానమంత్రి సురక్షా బీమా కింద ఏడాదికి 20 రూపాయలకు 2 లక్షల ప్రమాద బీమా దొరుకుతుంది. పాత పద్ధతిలో ఆ 20 రూపాయలు కూడా ఎవరి లెక్కలోనూ లేవు. మా బృందంలో చేరే ప్రతి మనిషికీ మొదటిరోజే అది కట్టాలి. 2 లక్షలు చాలవు కాబట్టి పైన మరో ప్రమాద బీమా తీసుకోవాలి. ఈఎస్‌ఐ పదిమంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలకే తప్పనిసరి, మన బృందాలు ఆ సంఖ్యకు చేరవు. చేరేదాకా ఆసుపత్రి ఖర్చుకు నెలనెలా కొంత పక్కన పెట్టే బాధ్యత బృందం నడిపేవారిదే. ఆ సొమ్మూ గంట వెలలోనే.

7. కొన్ని పనులకు ధర చెప్పకపోవడమే మా ధర.

'పైనంతా మొండి చేసేయండి, ఆకులు రాలకుండా ఉంటాయి.' ఈ మాట వినని చెట్టు పనివాడు లేడు. తల నరికిన చెట్టు గుప్పున కొత్త కొమ్మలు పెడుతుంది. అవి పైపైన అతుక్కుని ఉంటాయి, మూడు నాలుగేళ్లకు బరువెక్కి గాలికి ఊడిపోతాయి. కోసిన మొండేల నుంచి కుళ్లు కాండంలోకి దిగుతుంది. ఇవాళ చవకగా అయిన పని, రేపు రెండింతల ఖర్చుతో మళ్లీ వస్తుంది. వ్యాపారంగా చూస్తే మాకు లాభమే, ఒకే చెట్టు మీద మళ్లీ మళ్లీ సంపాదించవచ్చు. అయినా ఆ పని మాకు వద్దు. మర్యాదగా ఎందుకు వద్దో చెబుతాం, కొమ్మల్ని పలచన చేసే అంచనా రాసిస్తాం, నచ్చకపోతే నమస్కారం పెట్టి వస్తాం.

తుఫాను గురించి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు నగరంలో చెట్లు కుప్పకూలాయి. అలాంటి రోజుల్లో భయానికి ధర కట్టడం చాలా తేలిక. కారు మీద కొమ్మ పడి ఉన్న మనిషి ఎంతైనా ఇస్తాడు. అయితే రాత్రిపూట, వానలో పనిచేసేవారికి మామూలు కూలి ఇవ్వడమూ న్యాయం కాదు. అందుకని అత్యవసర రేటును ముందే, ఎండాకాలంలోనే ప్రకటించాలి: మామూలు గంటకు ఒకటిన్నర రెట్లు, అంతకు మించి ఒక్క రూపాయి కాదు. పెరిగిన సగంలో ఎక్కువ భాగం ఎక్కేవారికీ కింద లాగేవారికీ చేరాలి. ఆసుపత్రి దారి, అంబులెన్సు దారి మూసిన చెట్టును అన్నిటికన్నా ముందు తీయాలి.

8. మేము కోరే రేపు.

లిఫ్టుకు ఏటా సర్వీసు ఒప్పందం రాసుకునే అపార్టుమెంటు సంఘం, అదే ఆవరణలోని వేపకు ఒక్క పైసా రాసుకోదు. మేము కోరే రేపట్లో సంఘం వార్షిక బడ్జెట్టులో చెట్లకు ఒక పద్దు ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, చలికాలం చివర ఒకసారి, బృందం వచ్చి ప్రతి చెట్టునూ చూస్తుంది. ఎండుకొమ్మలు తీస్తుంది, మొదలుకు బిగుసుకున్న సిమెంటు పగలగొట్టి నీరు దిగేలా చేస్తుంది, కాండానికి బిగించిన తీగలు కోసుకుపోయిన చోట విప్పుతుంది. అలా ఏటేటా చిన్నచిన్న మొత్తాలు చెల్లించే చోట, ఒకేసారి పెద్ద మొత్తంతో చెట్టు కూల్చే అవసరం తగ్గుతుంది. పనివారికి వానాకాలంలో కూడా రాబడి ఆగదు. ఈ ఒప్పందాలు పెరిగితే మా 1,100 గంటలు 1,400 అవుతాయి, గంట వెల అప్పుడు తగ్గుతుంది కూడా. సంరక్షణ మీద బతికే వ్యాపారం పెద్దదయ్యేకొద్దీ చవకవుతుంది.

ఆ రేపట్లో ఊరూరా చెట్ల చిట్టా ఉంటుంది. ఈ రావికి ఎప్పుడు కోత కోశారు, ఎవరు కోశారు, ఎంత తీసుకున్నారు, మళ్లీ ఎప్పుడు చూడాలి అన్నది దాచిన రహస్యంగా ఉండదు. కొమ్మలను చిన్నగా ముక్కలు చేసి ఆ చెట్టు మొదట్లోనే పరుస్తారు, ట్రాలీకి ఎక్కే చెత్త తగ్గి బిల్లు తగ్గుతుంది. తొర్రలో పిల్లలు పెట్టుకున్న చిలకల కోసం పని నెల వాయిదా పడితే ఇంటివారు కోప్పడరు, ఎందుకంటే అంచనా కాగితంలోనే ఆ వరుస ఉంది.

ఆ రేపట్లో చెట్టెక్కే మనిషికి నలభై దాటాక అడ్డా మీద నిలబడే గతి పట్టదు. మోకాళ్లు సహకరించనప్పుడు అతను కిందినుంచి చూసి అభిప్రాయం చెప్పే మనిషిగా మారతాడు, ఆ అభిప్రాయానికి గంట వెల ఉంటుంది. గౌడ కుటుంబంలో పుట్టిన కుర్రాడు, కుర్రది కూడా, తాతల మోకు విద్యకు కొత్త శాస్త్రాన్ని కలుపుకుని ఊరి మర్రిని నిలబెట్టడాన్ని ఉద్యోగంగా ఎంచుకుంటారు. పెళ్లి సంబంధాల వేళ 'చెట్లు కొట్టేవాడు' అన్న మాట పోయి 'చెట్లు చూసేవాడు' అన్న మాట వస్తుంది. ఇది పెద్ద కోరికేమీ కాదు. దీనికి కావలసింది ధరల పట్టీ సరిగా రాయడమే.

మాతో రండి. సభ్యత్వ రుసుము లేదు, జెండా లేదు. ఈ పనిలో ఉన్నవారు రేపు పనికి వెళ్లేముందు ఒక నోటుపుస్తకం కొనండి. మొదటి పేజీలో ఏడాది ఖర్చులు, రెండో పేజీలో నిజమైన పని గంటలు, మూడో పేజీ నుంచి ఒక్కో చెట్టు. మూడు నెలలు రాసి, మీ గంట వెల తేల్చి, అప్పుడు మీ పక్క బృందంవారిని పిలిచి లెక్క వేసే తీరు చూపించండి. ఇంటివారు ఈసారి చెట్టు మనిషిని పిలిచినప్పుడు 'ఎంతకు కొడతావు?' అనే బదులు 'ఎన్ని గంటల పని? కాగితం మీద రాసిస్తారా?' అని అడగండి. కట్టెల మాట ఎత్తకండి.